లెక్కలు రాని దెయ్యం

ఆ సినిమా హాలు మెట్ల మీద ఏడాదికొక్క రాత్రి చచ్చిపోయిన మనిషి దిగుతుందని చెప్పుకుంటారు.

ఎవరో దారినపోయే మనిషి కాదు, హీరోయిన్. జుట్టు విరబోసుకుని, రైలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతుందట. హాలు మూతపడి పదిహేనేళ్ళయింది. పగటిపూట అందులో ఎవరో ఫర్నిచరువాళ్ళు పరుపులు నిలవ పెట్టుకుంటారు. సాయంత్రమైతే తాళం. అయినా ఆ ఒక్క రాత్రి మాత్రం పైన ఆపరేటరు గది వెంటిలేటర్లోంచి వెలుతురు కనబడుతుంది… లోపల్నుంచి టకటకమని యంత్రం చప్పుడు వినబడుతుంది. ఎదురుగా మందుల షాపాయన రెండుసార్లు చూశాడు. మూడోసారి చూసే ఓపిక లేక, ఏటా ఆ నెలంతా ఏడింటికే షట్టరు దించేస్తున్నాడు.

ఆమె చేసింది ఒకే ఒక్క సినిమా. అది విడుదలైన వారంలోనే పత్రికలో వచ్చిన విమర్శ చదివి, సిగ్గుతో ఏదో మింగేసిందని ఊళ్ళో మాట.

ఆ విమర్శ రాసినాయన గురించే ఈ కథ. ఆయన అసలు పేరు మనకెందుకు గానీ, అందరూ పుల్లవిరుపు అనేవాళ్ళు, ఆయన లేనప్పుడు. నాకు ఈ సంగతి చెప్పిన మనిషి ఆ రాత్రి హాల్లోనే ఉన్నాడు. పుల్లవిరుపు మనసులో మాటలంటారా, అవి ఆయనే తర్వాత రెండు గ్లాసులు పడ్డాక ఒకరి దగ్గర కక్కుకున్నవి.

ఎవరూ చూడని, చూసినవాళ్ళు కూడా మర్చిపోయిన పాత దెయ్యాల సినిమాల్ని తవ్వి తీసి, మళ్ళీ చూసి, వాటిని చీల్చి చెండాడటం పుల్లవిరుపుగారి వృత్తి. రబ్బరు గబ్బిలం కనబడితే ఆయనకి ఆ వారం పండగే. చచ్చిన పాముని చంపడంలో ఆయన్ని మించినవాడు లేడు. ముప్పైనాలుగేళ్ళుగా వారం వారం అదే పని. పాము వైపునుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు కాబట్టి తనకి ఎదురులేదనుకున్నాడు.

ఆయన పేరు తెచ్చుకుంది మొదటి వ్యాసంతోనే. సినిమా పేరు ‘దీపం లేని మేడ’. అందులో మేడ మీద ఉండే ఇల్లాలు రోజూ రాత్రి అద్దం ముందు కూర్చుని, వంద లెక్కపెడుతూ తల దువ్వుకుంటుంది. ఒకనాడు మెట్ల మీంచి పడి చచ్చిపోతుంది. మొగుడు ఆ ఖాళీ గదిలోకి వెళితే, ఎక్కడినుంచో ఆమె గొంతు అరవై మూడు నుంచి లెక్కపెట్టడం మొదలెడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత కాసేపటికి, చచ్చిన ఆ ఇల్లాలే తీరిగ్గా వచ్చి అద్దం ముందు కూర్చుని, ఒకటి నుంచి మొదలుపెట్టి అరవై రెండు దగ్గర ఆపేసి వెళ్ళిపోతుంది.

పుల్లవిరుపుకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఇంటికెళ్ళి ‘ఈ దెయ్యానికి లెక్కలు రావు’ అని శీర్షిక పెట్టి రాశాడు. ఒకటో తరగతి పిల్లలు నయమన్నాడు. శవానికి నటన రాకపోవడం సహజమే గానీ, ఈవిడకి బతికున్నప్పుడూ రాలేదన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. నాలుగో రోజున సినిమా ఎత్తేశారు.

ఎప్పుడైనా నలుగురిలో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, మీ వ్యాసానికి ఒక ప్రాణం పోయిందట కదా అని. ఆయన అవుననడు, కాదనడు. గ్లాసులోకి చూసి నిట్టూర్చేవాడు. చూసినవాళ్ళు పాపం బాధపడుతున్నాడనుకునేవాళ్ళు. బాధ కాదది, గర్వం. తన కలానికి అంత పదునుందని లోలోపల మురిసిపోయేవాడు. ఇంతకంటే నీచమైన ముచ్చట ఇంకొకటి ఉంటుందా?

ఇప్పుడు ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వస్తున్నాయి. మొదటి అధ్యాయం అదే. అది లేకపోతే ఆ పుస్తకం తల లేని మొండెం, ఆయనా అంతే. ప్రచురణకర్త ఫోన్ చేసి, ఆ సినిమా మళ్ళీ ఒకసారి చూసి ఇప్పుడెలా ఉందో నాలుగు పేజీలు రాసివ్వమన్నాడు. సోమవారం అచ్చుకి వెళ్ళిపోవాలన్నాడు.

వాకబు చేస్తే సినిమా ప్రింటు ఒకే ఒకటి మిగిలిందని తేలింది. అది ఆ హాలు పాత ఆపరేటరు దగ్గరుంది.

శనివారం రాత్రి రమ్మన్నాడు ఆపరేటరు. ఏడాదికోసారి ఆ రోజున ఆడిస్తాడట, ఫిల్ము కదలకపోతే చుట్టలో అతుక్కుపోతుందని. పగలు కుదరదా అని అడిగాడు పుల్లవిరుపు. పైకప్పు రేకులు నాలుగు ఎగిరిపోయాయి, పగలైతే తెర మీద ఎండ తప్ప ఏమీ కనబడదన్నాడు ఆపరేటరు.

అలా వెళ్ళాడు.

కింద వరండా నిండా ప్లాస్టిక్ చుట్టిన పరుపులు, నిలువునా. వాటి మధ్య దారి చేసుకుని మెట్లెక్కాడు. ఆ మెట్లు… ఒక్క క్షణం ఆగి, రైలింగు మీద వేలితో దుమ్ము తీసి చూశాడు. దుమ్ము లేదు. ఎవరో పట్టుకుని నడుస్తున్నట్టే ఉంది. దానికీ నవ్వుకున్నాడు.

ఆపరేటరు గదిలో రెండు యంత్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక దాంట్లో రీలు అయిపోవస్తుంటే రెండో దాన్ని అందుకోవాలి. బల్ల మీద పన్నెండు రేకు డబ్బాలు, ఒకటి నుంచి పన్నెండు దాకా, అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. ఆపరేటరు డెబ్భై దాటిన మనిషి. ఫిల్ముని అంచులు మాత్రమే పట్టుకుని, చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు యంత్రంలోకి ఎక్కిస్తున్నాడు.

ఈ చెత్త ఇంకా బతికే ఉందా అన్నాడు పుల్లవిరుపు.

“ఇంకెవరైనా వస్తారా?”

“ఈ సినిమాకా?” అని మళ్ళీ పనిలో పడ్డాడు ఆపరేటరు.

అది తన పక్షాన వేసిన జోకనుకుని పుల్లవిరుపు సంతోషించాడు. బాల్కనీలో ముందు వరసలో కూర్చుని, మోకాలి మీద నోటుబుక్కు తెరిచాడు. దీపాలు ఆరిపోయాయి.

మొదటి అయిదు రీళ్ళూ ఆయనకి విందుభోజనమే. గబ్బిలం దారం కనబడింది. రాసుకున్నాడు. చందమామ మీద గీత పడింది. అదీ రాసుకున్నాడు. పనివాడి మీసం ఒక సీన్లో ఎడమ పక్కకి జారి, తర్వాతి సీన్లో చక్కబడింది. దానికి రెండు గీతలు కొట్టాడు. రీలు మార్చమని తెర మూలన చిన్న చుక్క కనబడటం, ఆ వెంటనే రెండో యంత్రం అందుకోవడం, చిన్న కుదుపైనా లేకపోవడం… అవి మాత్రం గమనించలేదు. సరిగ్గా జరిగిన పని ఆయన కంటికి ఆనదు.

ఆరో రీలు మొదలైంది.

ఇల్లాలు అద్దం ముందు కూర్చుంది. దువ్వెన తీసింది. ఒకటి… రెండు…

వచ్చిందమ్మా లెక్కల దెయ్యం, అనుకున్నాడు పుల్లవిరుపు. అనుకుని, పెన్సిలు ఆపాడు. ఈవిడ ఇంకా చావలేదే?

చచ్చాకే కదా ఇది వచ్చింది. తనకి బాగా గుర్తు. తన జ్ఞాపకానికి తిరుగులేదు, తప్పంటూ ఉంటే సినిమాదే అయ్యుండాలి.

యాభై ఎనిమిది… యాభై తొమ్మిది… అరవై… ఆమె తొందరపడటం లేదు. గదిలో దువ్వెన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అరవై ఒకటి… అరవై రెండు… కిందినుంచి పిల్ల ఏడుపు వినబడింది. ఆమె దువ్వెన పక్కన పెట్టి, అద్దంలోకి చూసి, “మిగతావి వచ్చి లెక్కపెడతా” అని వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే… వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు.

పుల్లవిరుపు తిరిగి చూశాడు.

చివరి వరసలో, తెర మీదికి పోయే వెలుతురు కింద, ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. విశాలమైన నుదురు, గడ్డం మీద పుట్టుమచ్చ… ఇప్పుడే అద్దంలో చూసిన ముఖం. చేతిలో దువ్వెన. పెదాలు కదులుతున్నాయి.

ఆయన చటుక్కున ముందుకి తిరిగిపోయాడు.

లేచిపోదామంటే తలుపు ఆమె పక్కనే. ఆ వరస దాటి పోవాలి. పైగా… దెయ్యాల సినిమాలు చూసి ముప్పైనాలుగేళ్ళు నవ్వినవాడు, దెయ్యాన్ని చూసి పరిగెత్తాడని రేపు ఎవరైనా అంటే? ప్రాణం పోయినా సరే గానీ ఆ మాట పడకూడదు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాడు.

ఏడో రీలు. ఎనిమిదో రీలు. తెర మీద ఇల్లాలు మెట్ల మీంచి పడి చచ్చిపోయింది. ఆయన నవ్వలేదు.

తొమ్మిదో రీలు. మొగుడు గదికి తాళం వేద్దామని మేడ ఎక్కాడు. గది ఖాళీ. బల్ల మీద ఆమె వదిలేసిన దువ్వెన. అద్దం. చప్పుడు లేదు… ఇంకా లేదు… మొగుడు ఊపిరి బిగబట్టాడు. పుల్లవిరుపు కూడా బిగబట్టాడు, తనకి తెలియకుండానే.

“అరవై మూడు…”

ఆ మాట తెర మీంచి రాలేదు. వెనకనుంచి వచ్చింది.

అర క్షణం తర్వాత, తెర మీది గదిలోంచి అదే గొంతు అంది — “అరవై మూడు…”

పెన్సిలు జారి ఎక్కడో పడింది. ఆయన వంగి తీసుకోలేదు. భయపడ్డాడు. పదేళ్ళ వయసులో కూడా ఏ సినిమాకీ పడనంత భయం పడ్డాడు. ఆ భయంలోనే ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది, అది ఆ భయాన్ని మించింది. ఆమె బతికుండగా అరవై రెండు దగ్గర ఆపింది. చచ్చాక అరవై మూడు నుంచి మొదలుపెట్టింది. లెక్కలో తప్పేమీ లేదు.

సినిమా బాగుంది.

మిగిలిన మూడు రీళ్ళూ ఆయన వెనక్కి తిరగలేదు, ఒక్క ముక్క రాసుకోలేదు. చివర్లో మొగుడు చీకట్లో కూర్చుని ఆ లెక్క వింటాడు. తొంభై ఎనిమిది… తొంభై తొమ్మిది… వంద ఎప్పుడు వస్తుందా అని తల ఎత్తుతాడు. రాదు. అక్కడితో తెర తెల్లబడింది.

దీపాలు వెలగలేదు. యంత్రం ఆగింది.

చీకట్లో, చివరి వరసలోంచి, ఆ గొంతు మళ్ళీ మొదలైంది. నింపాదిగా, ఒక్కో మాటా విడదీసి…

“ఈ దెయ్యానికి… లెక్కలు రావు.”

పుల్లవిరుపు కుర్చీ చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“ఒకటో తరగతి పిల్లలు నయం… శవానికి నటన రాకపోవడం సహజమే గానీ…”

తన వాక్యాలే. అక్షరం పొల్లుపోకుండా. ఇన్నాళ్ళూ నలుగురిలో చెప్పించుకుని మురిసిపోయిన వాక్యాలు, తను చంపిన మనిషి నోట వింటూ కుర్చీ చేతులు వదిలేశాడు. కుర్చీలోంచి జారి, రెండు వరసల మధ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“నన్ను క్షమించు తల్లీ… నిన్ను చంపాలని రాయలేదు…”

చదువుతున్న గొంతు ఆగిపోయింది.

తర్వాత ఎవరో పక్కుమని నవ్వారు. మగగొంతు. దాని వెంట ఇంకొకటి. దీపాలు వెలిగాయి.

చివరి వరసలో కూర్చున్నావిడకి యాభై ఏడేళ్ళుంటాయి. ఒళ్ళో టార్చిలైటు, ఫ్లాస్కు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్న పాత పత్రిక కాగితం. ఆమె పక్కన ఒక లావుపాటాయన పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. ఆయన ఆపరేటరు బావమరిది. నాకీ కథ చెప్పింది ఆయనే. ఆపరేటరు గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతున్నాడు.

“ఎవరండీ మీరు?” అంది ఆమె. “ఎవర్ని చంపారు?”

“ఆయనేనమ్మా,” అన్నాడు ఆపరేటరు. “అది రాసినాయన.”

ఆమె కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.

“అయ్యో. మీరింకా ఉన్నారా? ఎప్పుడో పోయుంటారనుకున్నాం.”

పుల్లవిరుపు లేచి నిలబడి, మీరు ఏదో మింగారని అందరూ అంటే… అని నసిగాడు.

“మీరు రాసింది చదివి చచ్చేంత తీరిక నాకు లేదండీ,” అంది ఆమె.

ఆ మరుసటి నెలలోనే ఓ పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగంలో చేరిందట. ముప్పై ఏళ్ళు ఫోనెత్తి రోగులకి వేళలు చెప్పింది. ఏడాదికోసారి ఇక్కడికొచ్చి, తెర మీద తను దువ్వుకుంటుంటే ఇక్కడ కూర్చుని తనూ లెక్కపెడుతూ దువ్వుకుంటుంది. మోకాళ్ళ నొప్పులు, అందుకే మెట్లు దిగేటప్పుడు రైలింగు పట్టుకుంటుంది. ఇంతకీ ఊరిని హడలగొట్టిన దెయ్యం ఇది.

ఇక ఆ లెక్క సంగతి ఆపరేటరు చెప్పాడు. అప్పట్లో ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడేది. అవతలి హాల్లో గంటన్నర ముందు మొదలవుతుంది. అక్కడ అయిపోయిన రీళ్ళని బావమరిది సైకిలు మీద ఇక్కడికి చేరవెయ్యాలి. పుల్లవిరుపు సినిమా చూడ్డానికొచ్చిన ఆ రాత్రి మలుపులో సైకిలు జారింది. డబ్బాలు నాలుగూ పడ్డాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది దొరికాయి. ఆరోది దొర్లుకుంటూ చీకట్లో ఏ కాలవలోకో పోయింది. ఉన్నవి ఇచ్చేసి, టార్చి పట్టుకుని దాన్ని వెతకడానికి మళ్ళీ వెళ్ళాడు బావమరిది. హాల్లో జనం ఈలలు వేస్తున్నారు. ఆపరేటరు ఏడు, ఎనిమిది, తొమ్మిది ఆడించాడు. అప్పటికి ఆరోది వచ్చింది.

“వదిలెయ్యాల్సింది. మనసొప్పలేదు. పన్నెండు రీళ్ళ సినిమాకి టిక్కెట్టు కొన్నవాళ్ళకి పదకొండు చూపిస్తే దొంగతనం కదా అని… తొమ్మిది తర్వాత అది ఎక్కించాను.”

మర్నాటినుంచి రీళ్ళు వరసగానే ఆడాయి. కానీ పత్రిక చదివాక హాలుకి వచ్చినవాళ్ళేరీ?

పుల్లవిరుపు ముఖం చూడాల్సిందేనట. అయినా ఆయన ఆయనే. అప్పుడే ఎవరైనా వచ్చి చెప్పొచ్చుగా అన్నాడు.

ఆమె నవ్వడం మానేసింది.

“మా అన్నయ్య వచ్చాడండీ. సినిమా తీసింది ఆయనే. మీ ఆఫీసులో కింద బెంచీ మీద మూడు రోజులు కూర్చున్నాడు. మీకు పనుందని చెప్పించారు.”

గుర్తొచ్చింది. ఒళ్ళో రేకు డబ్బా పెట్టుకుని కూర్చున్న ఒక సన్నటి మనిషి. పై కిటికీలోంచి చూపించి, ‘పాపం, దెయ్యానికి తండ్రి’ అని తోటివాళ్ళని నవ్వించాడు తను. కిందికి వెళ్ళడానికి ఇరవై మెట్లు. దిగలేదు.

“తర్వాత పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకున్నాడు,” అంది ఆమె. “పోయేదాకా అవే.”

కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం లేదు ఆ గొంతులో, పుల్లవిరుపు మీద ఖర్చుపెట్టేంత ఏదీ లేదు. ఆయన గబగబా, సోమవారం పుస్తకం అచ్చుకి వెళుతోంది, అంతా దిద్ది రాస్తానన్నాడు.

“ఎందుకండీ? ఏటా సినిమా అయ్యాక టార్చి వెలుతుర్లో మీ వ్యాసం చదువుకుంటాం. అన్నయ్య పెట్టిన అలవాటు. మొదటేడు ఏడ్చాం. రెండో ఏడు ఎక్కడో నవ్వొచ్చింది. ఇప్పుడైతే ఈయన సినిమా అంతా కుర్చీలో కిందికి జారి నిద్రపోయి, దానికోసం లేస్తాడు.” బావమరిది సిగ్గుపడుతూ తలూపాడు. “దిద్దుకోవాలనుంటే మీకోసం దిద్దుకోండి. మాకు ఇలాగే బాగుంది.”

కాగితం జాగ్రత్తగా మడతపెట్టి, కవర్లో పెట్టి, టార్చి వెలిగించుకుని లేచింది. ముగ్గురూ పరుపుల మధ్యనుంచి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఈయన్ని వస్తారా అని కూడా అడగలేదు.

ఆదివారం ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ఎలా ఉంది సినిమా అన్నాడు.

పుల్లవిరుపు నోరు తెరిచాడు. సైకిలు మీంచి పడ్డ డబ్బా వల్ల నేను పేరు తెచ్చుకున్నానని చెప్పాలి. ఒక మనిషి మూడు రోజులు కూర్చుంటే దిగలేదని చెప్పాలి. నేను చూసిన సినిమాల్లో నన్ను భయపెట్టింది అదొక్కటేనని చెప్పాలి. చెబితే పుస్తకం లేదు. ముప్పైనాలుగేళ్ళు ఏం చేశావయ్యా అంటే చూపించడానికేమీ లేదు.

“అప్పుడెంత చెత్తో ఇప్పుడూ అంతే,” అన్నాడు. “వేసెయ్.”

పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభకి ఎనభై మంది దాకా వచ్చారు. మొదటి అధ్యాయం మీ నోటితో చదవండి సార్ అని పట్టుబట్టారు. ఆయన మైకు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, శీర్షిక చదివాడు.

నవ్వారు.

ఒకటో తరగతి పిల్లలు నయం, అన్నాడు. ఇంకా నవ్వారు.

ఆయన తల ఎత్తి చూశాడు. ముందు వరసలో తెరుచుకున్న నోళ్ళు, పళ్ళు. వెనక వరసల్లో దీపాలు తక్కువ, ముఖాలు సరిగా కనబడలేదు. ఎవరు దేనికి నవ్వుతున్నారో, ఎవరికి ఎంత తెలుసో…

“ఎందుకు నవ్వుతున్నారు?” అని అడిగాడు, మెల్లగా. నిజంగానే అడిగాడు.

అది కూడా వ్యాసంలోదే అనుకుని వాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి చప్పట్లు కొట్టారు.